శీతాకాలం చివర పొగమంచు, దాని వెనకే వాన: శ్రీకాకుళం, విజయనగరం తీరంలో తరచుగా అడిగే ప్రశ్నలు

మాఘమాసంలో మాకులు కూడా వణుకుతాయంటారు. శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోతుందనీ అంటారు. ఈ రెండు మాటల మధ్యనున్న రోజులే ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా తీరం వెంబడి అందరినీ తికమక పెడతాయి. తెల్లారేసరికి ఎదుటి ఇల్లు కనిపించదు, మధ్యాహ్నానికి ఉక్క, ఓ సాయంత్రం ఉన్నట్టుండి పడమట ఉరుము. పొలంలో పెసర కోతకొచ్చి ఉంటుంది, తోటలో జీడి పూత మీద ఉంటుంది, ఒడ్డున చేపలు ఎండుతుంటాయి. ఒక్క గంట వాన ఎవరి కష్టాన్ని ముంచుతుందో తెలియదు. రైతులు, మత్స్యకారులు, బండి నడిపేవాళ్ళు, ఇంట్లో ఉబ్బసం మనిషి ఉన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి.

చలికాలం పోతుంటే మంచు పెరుగుతుందేమిటి?

చలి ఒక్కటే ఉంటే మంచు పట్టదు, గాలిలో తేమ ఉండాలి. డిసెంబరు, జనవరిల్లో మనకు వీచేది ఉత్తరపు గాలి. నేల మీదుగా వస్తుంది కాబట్టి పొడిగా ఉంటుంది. ఫిబ్రవరి వచ్చేసరికి బంగాళాఖాతం మీద అధిక పీడనం కుదురుకుంటుంది. దాని పడమటి అంచున గాలి దక్షిణం, ఆగ్నేయం నుంచి సముద్రం మీదుగా మన తీరానికి మళ్ళుతుంది. నీటి మీద చాలా దూరం ప్రయాణించి వచ్చే గాలి కాబట్టి తేమ మోసుకొస్తుంది.

రాత్రుళ్ళు మాత్రం ఇంకా పొడుగ్గానే ఉంటాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే నేల పగటి వేడినంతా వదిలేస్తుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. ఏ ఉష్ణోగ్రత దగ్గర గాలి ఇక తేమను పట్టి ఉంచలేదో దాన్ని మంచు బిందువు అంటారు. సాయంత్రం గాలి మంచు బిందువు 19 డిగ్రీలుందనుకోండి. తెల్లవారుజాముకు ఊరి ఉష్ణోగ్రత 19కి దిగి, గాలి కదలకుండా ఉంటే చాలు, ఆవిరి సన్నని నీటి బొట్లుగా మారి గాలిలోనే నిలిచిపోతుంది. జనవరిలో 14కి దిగినా పట్టని మంచు ఫిబ్రవరిలో 19కే పట్టడానికి కారణం ఇదే.

నాగావళి, వంశధార ఒడ్డు ఊళ్ళలో, చెరువుల కింద తడి పొలాల్లో, పల్లపు చోట్ల మంచు ముందు పడుతుంది, ఆలస్యంగా పోతుంది. చల్లని గాలి బరువైంది, పల్లానికి జారుతుంది. అక్కడ తేమ ఎలాగూ సిద్ధంగా ఉంటుంది.

సముద్రం మీద మంచు, ఊళ్ళో మంచు ఒకటేనా?

చూడటానికి ఒకటే, పుట్టుక వేరు. ఊళ్ళో మంచు నేల చల్లబడటం వల్ల పుడుతుంది, కాబట్టి ఎండ నేలను తాకగానే అడుగు నుంచి కరగడం మొదలవుతుంది. ఎనిమిదికో తొమ్మిదికో విడిపోతుంది. సముద్రం మీద మంచుకు ఎండతో అంత సంబంధం లేదు. చలికాలంలో బంగాళాఖాతం ఉత్తర భాగపు నీళ్ళు దక్షిణం కన్నా చల్లగా ఉంటాయి. దక్షిణం నుంచి వచ్చే వెచ్చని తేమగాలి ఆ చల్లని నీటి మీదుగా నడిస్తే నీటిపైనే మంచు కట్టొచ్చు. నీళ్ళు ఎండకు గంటలో వేడెక్కవు కదా, గాలి మారేదాకా ఆ మంచు కదలదు. నేల మీద పుట్టిన మంచు తెల్లవారుజామున నేలగాలితో ఒడ్డు దాటి నీళ్ళ మీదికి జారడమూ ఉంది. ఒడ్డున తేటగా ఉందని బయల్దేరిన బోటు సముద్రం లోపల తెల్లటి గోడలో చిక్కుకునేది ఇలాంటప్పుడే.

మంచు బాగా పడితే వాన రాదని మా మామయ్య, వాన ఖాయమని మా పక్క పొలం ఆయన. ఎవరి మాట నిజం?

ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది. ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

మంచుకీ వానకీ కావలసింది ఒకటే, గాలిలో తేమ. అది మంచుగా నేల మీదే పేరుకోవాలంటే ఆకాశం ఖాళీగా ఉండాలి, గాలి నిలబడిపోవాలి. వానగా పడాలంటే ఆ తేమను పైకి లేపేదేదో రావాలి. వాన తెచ్చే ద్రోణి, అంటే తక్కువ పీడనం పొడవుగా సాగిన పట్టీ, దగ్గరవుతున్నప్పుడు చాలా ఎత్తున పలచటి మబ్బు ముందుగా వచ్చి ఆకాశాన్ని కమ్ముతుంది. మబ్బు కప్పిన రాత్రి నేల వేడి బయటికి పోదు. నేల చల్లబడదు కాబట్టి మంచు పట్టదు. కానీ తేమ ఎక్కడికీ పోలేదు, ఇంకా పెరిగింది కూడా.

అందుకే మంచు పడిన రోజు కన్నా, వరసగా పడుతున్న మంచు చప్పున ఆగిన రోజునే ఎక్కువగా గమనించమని నా మనవి. చాలామంది ఆ రోజు పొద్దున్నే తేటగా ఉందని సంతోషించి, కోత మొదలుపెట్టి, చేపలు ఇసుక మీద పరిచేస్తారు. అది తేట పడటమా, వానకు ముందు విరామమా తేల్చుకోవాలి. తేల్చుకోవడం కష్టమేమీ కాదు.

మంచు ఆగిన రాత్రి చలి పెరిగి, గాలి ఉత్తరం నుంచి వీస్తూ, పొద్దున్న మందస, సోంపేట వైపు వాళ్ళకి మహేంద్రగిరి అంచులు స్పష్టంగా కనిపిస్తుంటే అది పొడిగాలి వచ్చిన గుర్తు. పని ధైర్యంగా పెట్టుకోండి. అదే రాత్రి దుప్పటి తన్నేయాలనిపించి, గాలి దక్షిణం నుంచి వీస్తూ, ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లి, చుక్కలు మసకగా కనిపిస్తే అది తేమ పైకి లేవడానికి సిద్ధంగా ఉన్న గుర్తు. ఒకటి రెండు రోజుల్లో వాన పడే వీలుంది. ఆ సాయంత్రమే వాతావరణ శాఖ బులెటిన్ చూడండి.

ఈ వానను తుపాను అనాలా, అల్పపీడనం అనాలా?

మామూలుగా రెండూ కాదు. మన జిల్లాలను కుదిపేసిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున వచ్చాయి. అది వానాకాలం వెళ్ళిన వెంటనే సముద్రం ఉడికి ఉండే కాలం. ఫిబ్రవరిలో సముద్రానికి ఆ వేడి ఉండదు.

ఇప్పటి వాన కథ వేరు. మధ్యధరా సముద్రం వైపు నుంచి పశ్చిమ అవాంతరాలు అనే వాతావరణ అలజడులు ఒకదాని వెంట ఒకటి వాయవ్య భారతానికి వస్తుంటాయి. ఒక్కోదాని తోక, అంటే ఎత్తులో ఉండే ద్రోణి, మధ్య భారతం దాకా దిగుతుంది. అదే సమయానికి విదర్భ, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల మీదుగా కింది స్థాయిలో ఇంకో ద్రోణి ఏర్పడి, అటు నుంచి పొడిగాలి, ఇటు బంగాళాఖాతం నుంచి తేమగాలి ఒక గీత వెంట ఎదురుపడతాయి. ఆ గీత వెంట తేమగాలి పైకి లేస్తుంది, లేచి మబ్బు కడుతుంది. బులెటిన్‌లో 'గాలుల కలయిక' అని వినిపించేది దీన్నే. చలి దేశాల్లో వందల కిలోమీటర్ల పొడవున ఒకే వరసలో కదిలి వచ్చే వాన గోడ లాంటిది మన అక్షాంశాల్లో అరుదు. మన దగ్గర ఆ గీత వెంట అక్కడో మబ్బు, ఇక్కడో మబ్బు లేస్తాయి. నరసన్నపేటలో కాలువలు పారి, పక్కనే పోలాకిలో చినుకు పడకపోవడం అందుకే. అంచనా తప్పిందని అనుకోకండి, ఆ వాన స్వభావమే అంత.

వాన ఎటు నుంచి వస్తుంది?

ఎక్కువగా కొండల వైపు నుంచి. పగటి ఎండకు తూర్పు కనుమల మీద మబ్బులు లేస్తాయి. ఎత్తున వీచేది పడమటి గాలి కాబట్టి అవి తీరం వైపు జరుగుతాయి. కాబట్టి మధ్యాహ్నం మూడు దాటాక సముద్రం వైపు కాదు, పాలకొండ, పార్వతీపురం వైపు చూడాలి. గోపురంలా లేచిన మబ్బు తల దాగలిలా చదునుగా పరుచుకుందంటే అది ముదిరిన ఉరుముల మబ్బు. దాని అడుగు నుంచి చల్లటి ఈదురుగాలి వానకన్నా ముందే వచ్చి కొడుతుంది. ఉక్కగా ఉన్న సాయంత్రం ఒక్కసారిగా పడమట నుంచి చల్లగాలి తగిలిందంటే మీ చేతిలో ఉన్నది నిమిషాలే.

చంద్రుడి చుట్టూ గుడి కడితే వాన వస్తుందా?

"దగ్గర గుడి దూరం వాన, దూరం గుడి దగ్గర వాన" అన్న మాట మీరూ వినే ఉంటారు. పాత సామెతల్లో ఇంత కచ్చితంగా పరిశీలించి చెప్పినవి తక్కువ.

చంద్రుడికి దూరంగా పడే పెద్ద వలయం 22 డిగ్రీల వలయం. చేయి బారుగా చాచి, బొటనవేలి కొసతో చంద్రుణ్ణి మూసి, వేళ్ళన్నీ విప్పితే చిటికెన వేలి కొస ఇంచుమించు ఆ వలయం దగ్గరికి చేరుతుంది. ఆరేడు కిలోమీటర్లకు పైన పలచగా పరుచుకున్న మబ్బులో ఉండే మంచు పలుకుల గుండా వెలుగు వంగి వచ్చినప్పుడే అది కనిపిస్తుంది. వాన తెచ్చే ద్రోణికి ముందు నడిచేది ఆ మబ్బే. దూరం గుడి దగ్గర వాన అనడం సబబే. చంద్రుణ్ణి అంటుకుని కనిపించే చిన్న రంగుల చక్రం వేరు. అది పలచటి మబ్బులోనో మంచులోనో నీటి బొట్ల వల్ల కనిపిస్తుంది. దానికి ద్రోణి రానక్కర లేదు.

గుడి కట్టిన ప్రతిసారీ వాన పడదు. ఎత్తు మబ్బు వచ్చినా కింద తేమ లేకపోతే తేలిపోతుంది. పైన గుడి, కింద దక్షిణపు గాలి, రెండూ ఉంటేనే లెక్క.

వాతావరణ శాఖ బులెటిన్‌లో మాటలు ఎలా అర్థం చేసుకోవాలి?

ముందు మీ జిల్లా పేరు సరిచూసుకోండి. 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం వేరే జిల్లా, పాలకొండ అందులోకి వెళ్ళింది. రాజాం విజయనగరంలోకి వచ్చింది. రాజాం రైతు ఇంకా శ్రీకాకుళం హెచ్చరిక చూసుకుంటుంటే తన ఊరి మాట తప్పిపోతుంది.

తరవాత సమయం. శాఖ లెక్కలో రోజంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు ఉదయం 8.30 వరకు. మంగళవారానికి చెప్పిన వాన బుధవారం తెల్లవారుజామున పడినా అది మంగళవారం లెక్కే.

'ఒకటి రెండు చోట్ల' అంటే జిల్లాలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించి తడవకపోవచ్చని. 'కొన్ని చోట్ల' అంటే సగం దాకా, 'అనేక చోట్ల' అంటే ముప్పావు దాకా. ఈ మాట విస్తీర్ణం గురించి, జోరు గురించి కాదు. జోరుకు వేరే కొలతలున్నాయి. 15.5 మిల్లీమీటర్ల దాకా తేలికపాటి, 64.4 దాకా మోస్తరు, 64.5 దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ. ఈ కాలంలో భారీ వాన అరుదు. కానీ కోతకొచ్చిన పెసరకు 15 మిల్లీమీటర్లు చాలు, అందుకే 'తేలికపాటి' అని చదివి తేలిగ్గా తీసుకోవద్దు.

రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే కదలమని. ఫిబ్రవరిలో పసుపు రంగు ఎక్కువగా పిడుగులు, ఈదురుగాలుల కోసమే వస్తుంది. పక్కన ఏ కారణం రాశారో చదవండి.

మంచుకూ కొలత ఉంది. చూపు కిలోమీటరు లోపే ఆగిపోతేనే పొగమంచు అంటారు. 200 మీటర్ల లోపైతే దట్టమైనది, 50 లోపైతే అతి దట్టమైనది. మీ వీధిలో రెండు కరెంటు స్తంభాల మధ్య దూరం ఒకసారి అడుగులతో కొలిచి పెట్టుకోండి. పొద్దున్న ఎన్ని స్తంభాలు కనిపిస్తే అంత చూపు.

ఏ యాప్‌లు ఉంచుకోవాలి?

బులెటిన్‌కు మౌసమ్, పంట సలహాకు మేఘ్‌దూత్, పిడుగులకు దామిని. సముద్రంలోకి వెళ్ళేవాళ్ళు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఇచ్చే అలల, గాలుల సమాచారం చూడాలి. విశాఖ డాప్లర్ రాడార్ చిత్రం వాతావరణ శాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపిస్తుంది. సాయంత్రం వాన ఎక్కడిదాకా వచ్చిందో చూడటానికి దాన్ని మించింది లేదు. వాట్సాప్‌లో తిరిగే తేదీ లేని ఫొటోలను మాత్రం ఎవరికీ పంపకండి. పాత తుపాను మ్యాపు ఒకటి చూసి ఊరు ఊరంతా బెంబేలెత్తడం మంచిది కాదు.

మా గుంటలు (కుర్రాళ్ళు) తెల్లారగట్ల ఏటకెళ్తామంటున్నారు (చేపల వేటకు). మంచులో పంపొచ్చా?

మంచు విడిచేదాకా ఆపండి. తెల్లవారుజామున చేప పడుతుంది, నిజమే. రెండు గంటలు ఆలస్యమైతే ఆ రోజు సంపాదన తగ్గుతుంది, అదీ నిజమే. ఆ నష్టం తెలిసే చెబుతున్నాను.

మన దగ్గర చాలా ఊళ్ళలో బోటును ఇసుక మీద నుంచి నేరుగా అలల్లోకి దించాలి. దట్టమైన మంచులో ఇంజను దగ్గర కూర్చున్న మనిషికి ముందు కొసన నిలబడ్డవాడి మొహం కనబడదు. వల నైలాను దారాల నిండా చెమటలా బొట్లు వేలాడుతుంటాయి, చప్పుడు ఎటు నుంచి వస్తోందో పోల్చుకోలేం. పోటు కెరటం విరిగే చోటు కంటికి కాదు, చెవికి మాత్రమే తెలుస్తుంది. మంచులో చెవినీ పూర్తిగా నమ్మలేం.

లోపలికి వెళ్ళాక ఇంకో ప్రమాదం పెద్ద ఓడలు. విశాఖ, గంగవరం, గోపాల్‌పూర్ రేవులకు వచ్చిపోయేవి మన తీరం బయట నుంచే నడుస్తాయి. ఫైబరు బోటు ఓడ రాడార్‌లో సరిగ్గా కనిపించదు. లోహపు రాడార్ రిఫ్లెక్టరు ఒకటి కర్రకు ఎత్తుగా కట్టుకుంటే కనిపించే అవకాశం పెరుగుతుంది. అప్పటికే సముద్రంలో ఉండగా మంచు కమ్మితే వేగం తగ్గించండి, దీపాలు వెలిగించండి, రెండు నిమిషాలకు మించకుండా ఒకసారి హారనో ఈలో గట్టిగా మోగించండి. ఏదీ లేకపోతే ఇనుప డబ్బా మీద కొట్టండి. అంతర్జాతీయ నౌకా నియమాలు కూడా మంచులో చిన్న పడవ సైతం రెండు నిమిషాలకోసారి చప్పుడు చేయాలనే చెబుతాయి. ఒడ్డు వెతుక్కుంటూ గుడ్డిగా రావద్దు. కళింగపట్నం, బారువ, చింతపల్లి దీపస్తంభాల వెలుగు దట్టమైన మంచులో అందదు. జీపీఎస్‌లో మీ ఊరి రేవును ముందే గుర్తు పెట్టుకోవాలి. లైఫ్ జాకెట్ బోటులో ఉంటే చాలదు, ఒంటి మీద ఉండాలి.

వాన వచ్చే రోజు సంగతి వేరు. ఈదురుగాలుల హెచ్చరిక ఉంటే, రేవులో 3వ నంబరు హెచ్చరిక గుర్తు ఎగరేస్తే ఆ రోజుకు వేట లేదనుకోండి. ఉరుముల మబ్బు కింద గాలి నిమిషాల్లో దిక్కు మార్చుకుంటుంది. పైగా సముద్రం మీద అన్నిటికన్నా ఎత్తైన వస్తువు మీ బోటే. ఆపదలో కోస్ట్ గార్డ్ నంబరు 1554. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఎలాగూ ఉంది, దానిముందు ప్రతి రోజూ విలువైనదేనని తెలుసు. అయినా ఇంట్లో వాళ్ళకి మనిషి విలువ ముందు.

పెసర, మినుము కోతకొచ్చాయి. వాన కబురు వింటే ఏం చేయాలి?

వరి కోశాక అదే తడిలో చల్లిన పెసర, మినుము మన జిల్లాల్లో ఫిబ్రవరి, మార్చిల్లో చేతికొస్తాయి. వాటి మీద వాన రెండు రకాలుగా దెబ్బ కొడుతుంది. పండిన కాయ తడిసి ఉక్కలో ఉంటే పెసర గింజ కాయలోనే మొలకెత్తుతుంది. మొలక రాకపోయినా రంగు మారుతుంది, రంగు మారిన మినుముకు వ్యాపారి ధర కోస్తాడు.

ఇంకా పీకకపోతే, వాన ఒకటి రెండు రోజుల్లో ఉందంటే, ఆగడమే మేలని నేననుకుంటాను. మొక్క మీద నిలబడి ఉన్న కాయ తడిసినా గాలికి ఆరుతుంది. పీకి పొలంలో పరిచిన పంట నేలనంటుకుని ఆరదు. ఇప్పటికే పీకేసి ఉంటే సాయంత్రంలోగా కుప్ప వేసి బరకం కప్పండి. బరకం కింద అడుగున గడ్డీ తాటాకులూ వేయడం మరిచిపోవద్దు, వాన నీళ్ళు పైనుంచి కన్నా కిందనుంచే ఎక్కువ తడుపుతాయి. చుట్టూ చిన్న బోదె తీయండి. వాన వెలిశాక మొదటి ఎండకే బరకం తీసేయాలి, లేకపోతే లోపల ఉక్కకే బూజు పడుతుంది.

మంచు రోజుల్లో నూర్పిడి పది గంటల తరవాతే. మంచు తడిసిన కాయ సరిగ్గా పగలదు, పగిలిన గింజ తేమ పట్టి ఉంటుంది. నిల్వ పెట్టే ముందు గింజలో తేమ 9, 10 శాతానికి దిగాలి. పంటి కింద టక్కున విరిగితే ఆరిందని పెద్దవాళ్ళు చూసే పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది.

ఇంకా పచ్చి మీదున్న చేలో ఆకు మీద తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులు, ఇటుక రంగు చుక్కలు కనిపిస్తే తుప్పు తెగులు. రెండింటికీ రాత్రి తేమ కావాలి. మందు ఏది, ఎంత అన్నది ఆకు చేత్తో పట్టుకెళ్ళి రైతు సేవా కేంద్రంలో చూపించి అడగండి.

జీడి, మామిడి పూతకు మంచు చేటా?

చలి మంచిదే, అసలు పూత రావడానికి అదే కావాలి. చేటు తడితో వస్తుంది. ఉద్దానంలో మంచు పడిన పొద్దున జీడి గుత్తిని దగ్గరగా చూడండి. చిన్న చిన్న గులాబీ గీతల పూల మధ్య నీటి బొట్లు నిలిచి, ఎనిమిదిన్నర దాకా రాలవు. ఆ తడిలో పుప్పొడి ముద్ద కడుతుంది, ఈగలు, తేనెటీగలు వాలవు. లేత కొమ్మ మీద టీ దోమ గుచ్చిన చోట గోధుమ రంగు మచ్చ పడి, మచ్చలన్నీ కలిసి గుత్తి కొస నల్లగా మాడుతుంది. చూసేవాళ్ళు "మంచు మాడ్చేసింది" అంటారు. మాడ్చింది పురుగు. మబ్బు, తేమ ఆ పురుగుకు అనుకూలించాయి. ఈ తేడా తెలియకపోతే మంచును తిట్టుకుంటూ కూర్చుని, చేయగలిగింది చేయకుండా వదిలేస్తాం.

విజయనగరం మామిడి తోటల్లో తేనెమంచు పురుగు, బూడిద తెగులు ఇదే కాలానివి. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలాకాలంగా వాడుతున్నదే. పూలు పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో పురుగు మందు కొట్టకండి, పరాగం మోసే ఈగలే చస్తాయి. ఆకు తడిగా ఉన్నప్పుడూ కొట్టొద్దు, మందు బొట్టుతో పాటు కారిపోతుంది. కొట్టాక కొన్ని గంటలైనా వాన లేకుండా ఉండే రోజు చూసుకోండి. కూలీ, మందు ఖర్చు వాన పాలైతే ఆ బాధ మళ్ళీ తీరేది కాదు.

ఉప్పు మడులు, ఎండు చేపల మాటేమిటి?

నౌపడ మడుల్లో వారం రోజుల ఎండ కూడబెట్టిన ఉప్పునీటి చిక్కదనాన్ని ఒక్క జల్లు పలచన చేస్తుంది. మళ్ళీ మొదటికే. తీసి పెట్టిన రాశుల్ని తాటాకుతోనో బరకంతోనో కప్పుకోవచ్చు కానీ మడిలో ఉన్నదాన్ని కాపాడే దారి లేదు. కాబట్టి హెచ్చరిక వచ్చిన రోజే తయారైన ఉప్పు లాగేయాలి.

చేపలు ఇసుక మీద ఎండబెట్టేవాళ్ళు మంచు రోజుల్లో వల గుడ్డతో చేసిన మంచెల మీదికి మారితే సగం బాధ తప్పుతుంది. కింద నుంచి గాలి ఆడుతుంది, ఇసుక చెమ్మ అంటదు. రాత్రి తప్పకుండా లోపల పెట్టాలి.

పదహారో నంబరు రహదారి మీద మంచులో ఎలా నడపాలి?

వీలుంటే బయల్దేరకండి. తొమ్మిది దాటాక వెళ్ళండి. తప్పదంటే లైట్లు కిందికి దించి పెట్టండి. హైబీమ్ వేస్తే వెలుగు బొట్ల మీద పడి మీ కళ్ళలోకే తిరిగొస్తుంది. ఎడమ అంచున ఉన్న తెల్ల గీతను చూసుకుంటూ నడపండి. బండి కదులుతుండగా నాలుగు ఇండికేటర్లూ వేయొద్దు, వెనక వాడికి మీరు ఆగి ఉన్నారో వెళ్తున్నారో తెలియదు.

మడపాం దగ్గర వంశధార వంతెన, శ్రీకాకుళం దగ్గర నాగావళి వంతెన లాంటి చోట్ల రోడ్డు తేటగా ఉన్నా నది మీద మంచు ఉన్నట్టుండి చిక్కబడుతుంది. వంతెనకు ముందే వేగం తగ్గించాలి. అన్నిటికన్నా భయం రోడ్డు పక్కన లైట్లు లేకుండా ఆగిన లారీలు. ఆగాల్సి వస్తే రోడ్డు దిగి బాగా లోపలికి వెళ్ళి ఆగండి, మనుషులు బండి దిగి దూరంగా నిలబడండి. పొద్దున్నే ట్యూషన్లకు సైకిళ్ళ మీద వెళ్ళే పిల్లలకు వెనక ఎర్రటి రిఫ్లెక్టరు అంటించండి, ముదురు రంగు స్వెటరు మీద లేత రంగు చొక్కా వేయండి.

రైళ్ళు ఆలస్యమవుతాయా?

మన దగ్గర మంచు వల్ల కొద్దిగానే. ఉత్తరాది నుంచి వచ్చే బళ్ళు అక్కడి మంచులో చిక్కి ఆలస్యంగా చేరతాయి. ఆమదాలవలసకో పలాసకో బయల్దేరే ముందు బండి ఎక్కడుందో చూసుకోండి.

అరసవల్లిలో సూర్యకిరణాలు పడే రోజు మబ్బుంటే?

మార్చి 9, 10 ప్రాంతంలో ఉదయపు కిరణాలు స్వామి పాదాలను తాకే ఆ కొద్ది నిమిషాలు తూర్పున మబ్బో మంచో ఉంటే దర్శనం దక్కదు. ముందు రోజు బులెటిన్ చూసుకోవచ్చు. కానీ దూరం నుంచి వచ్చేవాళ్ళు ఒక్క రోజు కాకుండా రెండు తెల్లవారుజాములూ ఉండేలా రండి. అక్టోబరు మొదట్లో మరోసారి అవకాశం ఉంది.

ఇంట్లో ఉబ్బసం ఉంది. మంచు పొద్దుల్లో ఏం జాగ్రత్త?

మంచు పట్టిన పొద్దున చల్లగాలి కింద, వెచ్చగాలి పైన ఉండి మూత వేసినట్టవుతుంది. వంటపొయ్యి పొగ, చెత్త తగలబెట్టిన పొగ, ఫ్యాక్టరీ పొగ పైకి పోలేక మనం పీల్చే ఎత్తులోనే తిరుగుతాయి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్ళు నడకను ఎండ వచ్చాక పెట్టుకోవాలి. ఇన్‌హేలరు అయిపోయేదాకా చూడకుండా ముందే తెచ్చుకోండి. వీధిలో తెల్లారగట్ల చెత్తకు నిప్పు పెట్టేవాళ్ళకి పక్కింటి ముసలాయన పరిస్థితి చెప్పి ఆపించండి. చలి కాచుకోవడానికి గది తలుపులు మూసి బొగ్గుల కుంపటి పెట్టుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

ఈ కాలంలో కూడా పిడుగులు పడతాయా?

పడతాయి. వానాకాలం కాదు కదా అన్న ధీమాతోనే జనం పొలంలో ఉండిపోతారు. మెరుపుకూ ఉరుముకూ మధ్య సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే కిలోమీటర్లలో దూరం తెలుస్తుంది. ముప్పై సెకన్ల లోపైతే పక్కా ఇంట్లోకి వెళ్ళాల్సిందే. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా బయటికి రావద్దు. తాడిచెట్టు, కొబ్బరిచెట్టు కింద నిలబడకండి, చెరువులో పశువుల్ని కడుగుతుంటే వెంటనే బయటికి తోలండి. ఏ నీడా లేకపోతే చేను మధ్య కాళ్ళు దగ్గరగా పెట్టి గొంతుక్కూర్చోండి, పడుకోవద్దు.

పిడుగు తగిలిన మనిషి ఒంట్లో కరెంటు ఉండదు. ముట్టుకోవచ్చు, ముట్టుకోవాలి. ఊపిరి ఆగితే వెంటనే ఛాతీ నొక్కుతూ 108కి ఫోను చేయించండి. భయపడి చుట్టూ నిలబడిపోవడం వల్ల పోయే ప్రాణాలు ఎక్కువ.

వడగళ్ళు?

ఎప్పుడో ఒకసారి. ఉరుముల మబ్బు కొండ అంచు ఊళ్ళ మీద ఉన్నప్పుడు వీలు ఎక్కువ, తీరానికి వచ్చేసరికి తగ్గుతుంది. మామిడి పిందె మీద పడితే మచ్చ పడ్డ చోట తెగులు పాకుతుంది.

వాన వెలిశాక మంచు పోయినట్టేనా?

లేదు. ద్రోణి దాటిపోగానే ఆకాశం తేటపడుతుంది, గాలి నిలిచిపోతుంది, నేల తడిసి ఉంటుంది. మంచుకు కావలసినవన్నీ ఒక్కచోట చేరినట్టే. ఆ తరవాతి ఒకటి రెండు తెల్లవారుజాముల్లో పట్టే మంచు ఒక్కోసారి సీజనంతటిలోకీ దట్టమైనది. అందువల్ల వాన వెలిసిన మర్నాడు తెల్లారకుండా ప్రయాణం పెట్టుకోవద్దు, బోటు దించొద్దు. తడిసిన పెసర కుప్పను ఎండ ముదిరాక విప్పి, సాయంత్రం నాలుగున్నరకల్లా మళ్ళీ కప్పేయండి. ఉత్తరపు పొడిగాలి తిరిగితే రెండో రోజుకో మూడో రోజుకో ఆ మంచు తగ్గుతుంది. దక్షిణపు గాలే కొనసాగితే మళ్ళీ ఎత్తు మబ్బు వచ్చేదాకా పడుతూనే ఉంటుంది.